లోపల ఎవరున్నారు?

ఆ వార్డులో ఉన్నది పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేని పిల్లలు. ఇన్ఫెక్షన్ ముదిరినా వాళ్లకు జ్వరం రాకపోవచ్చు, యాంటీబాడీ పరీక్ష కూడా మోసం చేస్తుంది. క్రిమిని కనిపెట్టేసరికి రోజులు గడిచిపోతాయి. పెద్ద డాక్టరు మాత్రం ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి, దాని పేరుతో సహా చెప్పేస్తుంది. ఆమెకు వచ్చే మెచ్చుకోళ్లు వింటుంటే చిన్న డాక్టరుకు ఒళ్లు మండిపోయేది.

ఆ రాత్రి గాజు తలుపు వెనక నక్కి చూసింది. పెద్ద డాక్టరు మాస్కు సర్దుకుని, నిద్రపోతున్న బాబు ఛాతీకి స్టెతస్కోపు ఆనించి గుసగుసగా అడిగింది.

"లోపల ఎవరున్నారు?"

చాలాసేపు విని, తేలిగ్గా నవ్వింది. "ఎవరూ లేరు. హాయిగా పడుకో కన్నా."

ఆమె అడుగుల చప్పుడు వరండా చివర ఆగిపోయింది.

"ఓస్, ఇంతేనా నీ గొప్ప!" చిన్న డాక్టరు ఆత్రంగా లోపలికి దూరింది. బాబు మీదికి వంగి స్టెతస్కోపు పెట్టింది. "ఎవరున్నారు?"

గుండె చప్పుడు. ఊపిరి. ఇంకేమీ లేదు.

"ఆవిడకైతే చెప్తావు, నాకు చెప్పవేం?" పళ్లు నూరుతూ ఇంకా కిందికి వంగింది.

చెవుల్లో సన్నని గొంతు పలికింది.

"ఇప్పుడే వచ్చానమ్మా. నీ ఊపిరితోనే."

ఆమె చెయ్యి మూతి మీదికి వెళ్లింది. మాస్కు లేదు.