కర్రాయన మెచ్చిన పెట్టె

"దీనికి హెడ్‌ఫోన్ పెట్టుకునే వీలుందా?" అని అడిగాడు కర్రాయన, చేతికర్రతో కొత్త ఆంప్లిఫయర్‌ని చూపిస్తూ.

"ఉందండీ. ఎంత వాయించుకున్నా పక్కగదిలో వాళ్ళకి కూడా వినిపించదు," అన్నాడు షాపతను గర్వంగా.

"అయితే వద్దు."

షాపతను బిత్తరపోయాడు. గిటారు వాయించే మొగుడితో ఆ పెట్టె కొనడానికి వచ్చిన ఆమె మాత్రం అతని మోచెయ్యి గిల్లింది.

ఆమెకి అనుమానం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. పాలవాడు నవ్వుతూ పలకరిస్తే ఇవాళ నీళ్ళు ఎక్కువ కలిపాడేమోనని గిన్నెలోకి చూసే రకం. అలాంటిది ఇక్కడ కారణం కర్ర పట్టుకుని మరీ ఎదురుగా నిలబడింది.

వాళ్ళిద్దరూ ఉండేది పై వాటాలో. కర్రాయన కింది వాటాలో. సాయంత్రం భర్త గిటారు అందుకుని ఇలా వాయించడం మొదలుపెట్టాడో లేదో, కింద నీళ్ళ గొట్టం మీద కర్ర పడేది. ఆ టంగ్ టంగ్‌మనే చప్పుడు ఇనప గొట్టం వెంట పైకి పాకి వీళ్ళ వంటగదిలో మోగేది. భర్త వెంటనే ఆపేసేవాడు. కర్రా ఆగేది. "గెలిచాక ఇంక కర్రతో పనేముంది?" అని పళ్ళు నూరేది ఆమె. కర్రాయన అని పేరు పెట్టింది కూడా ఆమే.

ఇల్లు ఇచ్చేటప్పుడే ఇంటాయన చెప్పాడు, కింద పెద్దాయన ఒక్క మాటన్నా ఖాళీ చేయాల్సిందేనని. గిటారు మాట వినగానే ఇల్లు లేదనేవాళ్ళే అందరూ. చెప్పులరిగేలా తిరిగితే దొరికిన వాటా ఇది. ఫంక్షన్లలో వాయించి సంసారం గడిపే మనిషి ఇంట్లో సాధన చెయ్యకుండా ఎలా ఉంటాడు? అందుకని సగం సగం పాటలతోనే సరిపెట్టుకుంటూ వచ్చాడు.

మొన్న ఇంట్లో ఉన్న ఆంప్లిఫయర్ పొగ చిమ్మి చచ్చింది. ఇంకోటి కొందామని బయలుదేరితే గేటు దగ్గర కర్రాయన. "పైన చప్పుడు లేదేం?" అని ఆరా తీసి, సంగతి విని, "పదండి, నేనూ వస్తాను," అన్నాడు. ఆయన వాళ్ళతో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదటిసారి.

"మరి అదో?" కర్రాయన షాపులో మూలనున్న ఇంకో పెట్టె వైపు తిరిగాడు.

"పాతకాలపుదండీ. లోపల బల్బుల్లాంటి గాజు వాల్వులుంటాయి. అవి వేడెక్కి, సౌండు కాస్త పెంచితేగానీ దాని అసలు గొంతు బయటికి రాదు. హెడ్‌ఫోన్ లాంటివేం ఉండవు."

"కింది వాటా దాకా వినిపిస్తుందా?"

"వీధి చివరిదాకా వినిపిస్తుంది."

కర్రాయన తృప్తిగా తల పంకించాడు. "బాబూ, రెండిట్లోనూ వాయించి చూడు."

భర్త కొత్తదానికి వైరు తగిలించి మీటాడు. షాపు అద్దాలు అదిరేలా గర్జించింది. మెల్లగా మీటినా అదే గర్జన, గట్టిగా మీటినా అదే. ఒక స్వరం మీద ఇంకోటి పడి అంతా ముద్దయింది. తరవాత పాతది. మెల్లగా మీటితే గుసగుసలాడింది. గట్టిగా మీటితే కాస్త బొంగురుపోయి అరిచింది. ఏ మీటుకా మీటు విడిగా వినిపించింది. భర్త మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి ఎన్నాళ్ళయిందో అనుకుంది ఆమె.

కర్రాయన చేతికర్ర నేలకి తగిలి టక్కుమంది. భర్త చెయ్యి ఠక్కున ఆగిపోయింది.

"ఎప్పుడూ ఇంతే ఇతను," అన్నాడు కర్రాయన షాపతనితో, చిరాగ్గా. "ఏ పాటా పూర్తిగా వాయించడు."

ఆమెకి ఒళ్ళు మండింది. ఆపించేదీ తనే, ఎగతాళి చేసేదీ తనే! భర్తని పక్కకి లాక్కెళ్ళింది.

"ఆయన కూతురు ఇల్లు వెతుకుతోందట, తెలుసా?"

"అయితే?"

"అయితే ఏమిటండీ! మనచేత వీధంతా మోగే పెట్టె కొనిపిస్తాడు. సాయంత్రం మీరు వాయించగానే ఇంటాయనకి ఫోన్ కొడతాడు. మనం బయటికి, కూతురు లోపలికి. తేనె పూసిన కత్తి ఆయన."

భర్త మొహం చిన్నబోయింది. "పోనీలే, కొత్తదే తీసుకుందాం. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఏ గొడవా ఉండదు," అన్నాడు. అంటూనే పాత పెట్టె వైపు ఒక్కసారి చూశాడు.

ఆ చూపు ఆమె కంటపడింది. అనుమానం ఎంతున్నా, మొగుడి మీద ప్రేమ అంతకన్నా ఎక్కువే ఆమెకి.

"మీకు ఏది నచ్చింది?"

"నచ్చితే మాత్రం? ఇల్లు..."

"ఇంటి సంగతి నేను చూసుకుంటా. పాతదే తీసుకోండి."

"మంచి పని చేశావమ్మాయ్," అన్నాడు కర్రాయన. ఆమె మూతి ముడుచుకుంది.

సాయంత్రం పెట్టెని హాల్లో గోడవార పెట్టారు. వాల్వులు ఎర్రగా వెలిగాయి. భర్త భయంభయంగా మొదలుపెట్టాడు. పల్లవి సగానికి రాకుండానే వంటగదిలో గొట్టం టంగ్‌మంది.

"చెప్పానా!" అంది ఆమె.

భర్త చెయ్యి ఆగబోయింది.

"ఆపకండి! నిండా మునిగాక చలేమిటి? సౌండు పెంచి మరీ వాయించండి. నేను కిందికెళ్ళి అటో ఇటో తేల్చుకుని వస్తా."

అతను పెంచాడు. కింద కర్ర కూడా జోరందుకుంది. ఆమె కొంగు బిగించి, మెట్టుకో మాట సిద్ధం చేసుకుంటూ దిగింది. కూతురికి ఇల్లు కావాలంటే నోటితో అడగండి బాబాయిగారూ, గొట్టంతో కాదు అనే మాట అన్నిటికన్నా బాగుందనుకుంది.

కింది వాటా తలుపు తెరిచే ఉంది. ఫోన్ ఎక్కడో బల్ల చివర పడుంది. గొట్టం పక్కన కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు కర్రాయన. పైన పాట ఎప్పుడూ ఆగిపోయే చోటు దాటి ముందుకెళ్ళింది. గుమ్మంలో ఆమె బిగించిన కొంగు వదులు చేసుకుంది.

ఆయన కళ్ళు మూసుకుని, గొట్టం మీద కర్రతో పాటకి తాళం వేస్తున్నాడు.