రెండో ఎలక్ట్రాన్

"మళ్ళీ చెప్పు" అంది కూతురు.

తల్లి కళ్ళు నులుముకుంది. సాయంత్రం ఆరయింది. పని నుంచి వచ్చి ఇంకా కాళ్ళు కూడా కడుక్కోలేదు. బల్ల మీద టీ చల్లారిపోయింది.

"సోడియం. రెండు, ఎనిమిది, ఒకటి. మెగ్నీషియం. రెండు, ఎనిమిది, రెండు. మొదటి ఎలక్ట్రాన్ లాగడానికి మెగ్నీషియానికే ఎక్కువ శక్తి కావాలి."

"రెండోదానికి?"

"దానికీ మెగ్నీషియానికే."

కూతురు పెన్ను పక్కన పెట్టేసింది. ఇదే తప్పు నాలుగోసారి.

"అమ్మా, సోడియానికి బయటి కక్ష్యలో ఉన్నది ఒక్కటే. అది పోయాక లోపలి ఎనిమిదిలోంచి లాగాలి. అవి కేంద్రకానికి దగ్గర, ఓ పట్టాన రావు. మెగ్నీషియానికి బయట ఇంకోటి మిగిలే ఉంది. ఏది తేలిక?"

"మెగ్నీషియం." తల్లి నిట్టూర్చింది. "పక్కపక్కనే ఉన్నాయి కదా, ఒకేలా ఉంటాయనుకున్నా."

"సోడియానికి మూడు రెట్లు పైనే కావాలి."

"నా బుర్రకెక్కదే. రాజులూ యుద్ధాలూ అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్తాను."

"రాదని చెప్పేయొచ్చుగా?"

"చెప్పాను. పుస్తకం చూసుకుని రండి అన్నారు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఇప్పుడు నలుగురి ముందూ నోరు పెగలక నిలబడితే తల ఎక్కడ పెట్టుకోను?"

ఆమె చల్లారిన టీ అలాగే తాగేసి, కాగితాన్ని మళ్ళీ దగ్గరికి లాక్కుంది. అది చూసి కూతురి విసుగు కాస్త తగ్గింది. కొత్త కాగితం తీసి, చుట్లు పెద్దవిగా ఉండేలా రెండు బొమ్మలూ మళ్ళీ గీసింది.

"మెగ్నీషియానికి మూడోది లాగితే ఏంటని అడిగితే?" అంది తల్లి.

"అప్పటికి దానికీ బయట ఏమీ ఉండదు. లోపలిదాన్నే లాగాలి, అందుకే అమాంతం పెరుగుతుంది. అయినా ఎవరూ అడగరులే. నేను చూసుకుంటాగా."

"నువ్వేం చేస్తావులే" అని నవ్వబోయి ఆవులించింది తల్లి.

కాసేపటికి, ఎవరూ అడక్కుండానే, ఐదోసారి మొదలుపెట్టింది. సోడియం. రెండు, ఎనిమిది, ఒకటి. ఈసారి తప్పు రాలేదు.

మర్నాడు రెండో పీరియడ్ గంట కొట్టగానే, కెమిస్ట్రీ మాస్టారు మానేసి వెళ్ళిపోయిన పదకొండో తరగతి గదిలోకి సుద్దముక్కతో అడుగుపెట్టిన చరిత్ర మేడమ్‌కి, మూడో బెంచీలోంచి కూతురు కూడా అందరితో పాటు లేచి నిలబడి "గుడ్ మార్నింగ్ మేడమ్" చెప్పింది.