మూడో పిలుపు

సత్యవేడు దగ్గర బీడు కొట్టి మా వంశాన్ని నిలబెట్టిన ముత్తాత ఏకాంబరం, దొరల కాలంలో ఆ భూమి దావాకని చిత్తూరు వెళ్లి మళ్లీ ఇల్లు చేరలేదు. పోయిన తిథి తెలియక ఆయనకు ఇంతవరకు దివసం పెట్టలేదు. అది కనుక్కోమని మంచాన పడ్డ నాయన నన్ను పంపాడు.

చీకటి పడ్డాక, చిత్తూరు కోర్టు రికార్డు గదిలో ఆ దావా కాగితం దొరికింది. మూడుసార్లు పిలవాల్సిన బంట్రోతు రెండుసార్లు పిలిచినా ఏకాంబరం రాలేదు. ఇంతలో పొద్దుపోయి కోర్టు లేచింది. ఆ తర్వాత కాగితాలే లేవు.

"మూడో పిలుపు పిలవనే లేదన్నా," అన్నాను.

బయటి గేటుకు తాళం వేసి వచ్చిన గుమాస్తా ధనశేఖర్ నవ్వాడు. "నువ్వే పిలిచేయమ్మా, సరిపోతాది. ఈడ మనిద్దరం తప్ప ఎవురుండారు?"

నేనూ నవ్వుతూ వరండాలోకి తొంగిచూసి, బంట్రోతులా గొంతు సాగదీశాను.

"సత్యవేడు ఏకాంబరం... హాజరు!"

వరండా చివర ఎవరో చెప్పులు విడిచిన చప్పుడైంది. ధనశేఖర్ తాను తాళం వేసిన గేటువైపు చూశాడు. చీకట్లో ఒట్టికాళ్ల అడుగులు గబగబా మావైపు వచ్చాయి.

"వచ్చినా సామీ," అంది ఒక ముసలి గొంతు, రొప్పుతూ. "ఈడనే కాసుకోనుండా, ఇంకోసారి పిలుస్తారని."