లారీ చెప్పిన మంగళవారం

ఆయన సంచి సర్దుతున్నాను. మైదానాల ఎండలకు తాళలేక కాపురాలన్నీ హిమాలయాలకు తరలుతున్న కాలమది. మేము కొండ కింద మజిలీలో ఆగాం. డ్రైవరు లేని లారీలే మంచు చూసి ప్రయాణం రోజు చెప్పేవి. మా లారీది ఆడగొంతు.

"రేపు మంగళవారమే దారి బాగుంటుంది, సుదర్శనంగారూ" అందది తియ్యగా. ఆయన మురిసిపోయారు.

"ఆవిడగారు చెప్పాక ఇంక వారమేమిటి, వర్జ్యమేమిటి లెండి!" అన్నాను.

"లారీతో పోటీ ఏమిటే, పిచ్చిమొహమా? పరస్థానం పెట్టు, సరిపోతుంది."

మంగళవారం దోషం తగలకుండా ఆయన సంచిని సోమవారమే పక్క గదివాళ్ల దగ్గర ఉంచాను. నాది ఉంచలేదు.

"ఆ లారీతోనే వెళ్లండి. నేను కదలను" అన్నాను. బతిమాలతారనుకున్నాను.

"సామాను దింపేసి గురువారం వచ్చి తీసుకెళ్తాలే" అన్నారు.

మంగళవారం మధ్యాహ్నం కనుమ మీద మంచు విరిగిపడింది. 2071 నవంబరు 10న వెళ్లిన మా ఆయన తిరిగి రాలేదు.