కోడిపెట్ట పొదిగిన గింజలు

ఆన్‌లైన్ అంగడిలో నీలం పుచ్చకాయ బొమ్మ చూసి ఉడుత మనసు పారేసుకుంది. దాచుకున్న వేరుశనగలన్నీ ఇచ్చేసి ఆ పుచ్చగింజలు తెప్పించుకుంది. దొడ్డంతా చల్లబోతుంటే కోడిపెట్ట అడ్డమొచ్చింది.

"ఆగవే పిల్లా! ముందు ఓ పది గింజలు ఇలా ఇవ్వు."

వాటిని తడిగుడ్డలో మూటకట్టి, వారం రోజులు తన గుడ్లతో సమానంగా పొదిగింది. విప్పి చూస్తే గుడ్డకు నీలం రంగు అంటింది గానీ, ఒక్క గింజా మొలకెత్తలేదు.

ఉడుత బావురుమంది. "బొమ్మ ఎంత బాగుందో అత్తా!"

కోడిపెట్ట నిరుడు తన పాదులో కాసిన గుమ్మడి గింజలు పది తెచ్చి, అదే గుడ్డలో మూటకట్టింది.

ఉడుత కళ్ళు తుడుచుకుంది. "అవి నీ గింజలే కదత్తా! వాటికీ పరీక్షేనా?"

"మొలకెత్తేదాకా నావైనా మేతేనే," అంటూ కోడిపెట్ట మళ్ళీ పొదగడానికి కూర్చుంది.