తాబేలు మోసిన పొట్లం

అడవి కళాశాలలో చదివే ఉడుతకు నెలకోసారి ఇంటి నుంచి ముప్పై పొట్లాల వేరుశనగలు వచ్చేవి. పోయిన నెల మూడు రోజులు రోజుకొక పొట్లంతోనే సరిపెట్టుకుంది. తన పొదుపు చూసి తనకే ముచ్చటేసి, ఆ సంతోషంలో పార్టీ ఇచ్చి, మిగిలినవన్నీ ఖాళీ చేసింది. నెలాఖరున ఖాళీ కడుపుతో పరీక్షకు వెళ్లి కళ్లు తిరిగి పడిపోయింది. మళ్లీ తప్పితే పేరు కొట్టేస్తారు.

ఈసారి పొట్లాలన్నీ వాగు అవతల తాబేలు బొరియలో దాచింది. ఉడుతకు ఈత రాదు, తెచ్చిపెట్టేది తాబేలే. అది వెళ్లి రావడానికి పొద్దంతా పడుతుంది.

మూడో రోజు పొద్దున్నే కాకి, కుందేలు వచ్చాయి.

"ఏమే పిసినారీ, ఈ నెల పార్టీ లేదా?" అంది కాకి.

ఉడుత రోషం తోకదాకా పాకింది. "ఎందుకు లేదు? తాబేలు మామా, పది పొట్లాలు పట్రా! పరుగెత్తు!"

"ఒక్కసారికి ఒక్కటే మొయ్యగలను తల్లీ," అంటూ తాబేలు బయల్దేరింది.

పాటలు పాడాయి. గెంతులేశాయి. మధ్యాహ్నానికి ఆకలి మండి కాకి తన రొట్టె తీసింది, కుందేలు ముల్లంగి తెచ్చింది. ఉడుత రెండూ తిని, కొమ్మ మీద తలకిందులుగా చిందులేసింది.

సాయంత్రానికి తాబేలు రొప్పుతూ వచ్చి పొట్లం దించింది.

"ఇదిగో తల్లీ. ఇంకా తొమ్మిది తేవాలి కదూ?"

"నిదానంగా తే మామా," అంది ఉడుత, పొట్లం చంకలో పెట్టుకుని. "తొమ్మిది రోజులు పట్టినా ఏం ఫరవాలేదు!"