రెండు విజిళ్ల కూర

"తాత గేటు కాడికొచ్చిండు. ఏడ్వు బిడ్డా, జర గట్టిగ ఏడ్వు," అన్నాడు లింగస్వామి కూతురి చెవిలో.

"మల్లి బతికే ఉంది కద డాడీ! ఏడుపెట్లొస్తది?" అంది నిహారిక.

మల్లి వాళ్ల పెరట్లో తిరిగే కోడి. "ఈసారి నేనొస్తే దాన్నే కొయ్యాలె అల్లుడా," అని మామ గోపయ్య నల్లగొండ నుంచి ఫోన్ చేసి మరీ చెప్పాడు. లింగస్వామి సరేనన్నాడు. తీరా పొద్దున కత్తి పట్టుకుని వెళ్తే, మల్లి వచ్చి అతని చెప్పు మీదెక్కి కూర్చుంది. దాన్ని బాత్‌రూంలో దాచి, బడంగ్‌పేట్ చౌరస్తాకెళ్లి బాయిలర్ కోడి తెచ్చాడు.

గోపయ్య అన్నంలో కూర కలిపాడు. ముక్క వేళ్ల మధ్యనే విడిపోయింది.

"ఎన్ని విజిళ్లకు ఉడికింది బిడ్డా?"

"రెండే నాయినా," అని వంటింట్లోంచి చెప్పేసి, సువర్ణ నాలుక కరుచుకుంది. నాటుకోడి అంత తొందరగా ఎక్కడ ఉడుకుతుంది?

అప్పుడే బాత్‌రూంలోంచి "కొక్కొక్కొ" అని వినిపించింది.

లింగస్వామి తల దించుకున్నాడు. నిహారికకు ఈసారి నిజంగానే ఏడుపొచ్చింది.

గోపయ్య మనవరాలి వంక చూశాడు. అల్లుడి వంక చూశాడు. ఇంకో రెండు ముక్కలు వేయించుకున్నాడు.

"ఎంతైనా నాటుకోడి రుచే వేరు అల్లుడా!"

చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ నిహారిక తల నిమిరాడు.

"ఊకో బిడ్డా. పోయి నేను తిన్న కోడికి గిన్ని నూకలెయ్యి. పొద్దటి సంది ఉపాసమున్నట్టుంది."